లేపుడుగడ్డ

గాజు పళ్లెంలో కండరం పోగు కదిలింది.

వెంట్రుకంత సన్నం, బియ్యపు గింజంత పొడవు. దానికి అంటించి పెంచిన నరాలు చంద్రాయుడివి. ఎనిమిది నెలల కిందట ఆయన మోచేతి దగ్గర చిన్న చర్మపు ముక్క తీసి, అందులోని కణాలను నరాలుగా మార్చి, ఆ పళ్లెంలో పెంచింది ఆయన భార్య శమంతకమణి. ఆయన ఒంట్లో నరాలు ఎండిపోతున్నట్టే పళ్లెంలోనివీ ఎండిపోతూ వచ్చాయి. నాలుగు వారాలుగా ఆ పోగు చలనం లేకుండా పడి ఉంది. ఆ మంగళవారం పొద్దున, ఒక దుంప నుంచి తీసిన గోధుమరంగు రసం చుక్క వేసిన ఇరవై నిమిషాలకు, సూక్ష్మదర్శిని కింద అది ఒకసారి ముడుచుకుని సాగింది. మళ్లీ ముడుచుకుంది.

శమంత కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. నూరు దాకా లెక్కపెట్టింది. కళ్లు తెరిచేసరికి అది ఇంకా కదులుతూనే ఉంది.

కోడూరు దాటి కొండల వైపు వెళ్లే దారిలో ఉన్న ఆ మూలికల పరిశోధన కేంద్రంలో ఆమె ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. తన పని వంటింటి పనికి పెద్ద దూరం కాదని నవ్వుతూ చెప్పేది. వేరో బెరడో తెచ్చి నీడన ఆరబెట్టడం, దంచడం, మిథనాల్‌లో నానబెట్టడం, వడకట్టి సన్నని వేడి మీద ఆ ద్రవాన్ని ఎగరగొట్టడం. అడుగున మిగిలిన జిగురును సిలికా పొడి నింపిన గాజు గొట్టంలో పోస్తే, కలిసిపోయి ఉన్న పదార్థాలు ఒకదాని వెనక ఒకటి విడివిడిగా కిందికి దిగుతాయి. చివరకు యంత్రం తెర మీద ఒక గీత గీస్తుంది. ఏ పదార్థం ఏ నిమిషంలో బయటికి వస్తే ఆ నిమిషం దగ్గర గీత కొండకొమ్ములా పైకి లేస్తుంది. మూడు వందలకు పైగా మొక్కలకు ఆమె అలాంటి గీతలు గీయించింది. వాటిలో కొన్ని దగ్గుకు పనికొచ్చాయి, కొన్ని పుండ్లకు. ఎక్కువ శాతం దేనికీ పనికిరాలేదు.

చంద్రాయుడు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆమెకు సొంత మేనమామ కొడుకు. ఆయన తయారుచేసిన కబడ్డీ జట్టు మూడుసార్లు జిల్లా గెలిచింది. నలభై ఏడో ఏట ఒక రోజు కోర్టు గీస్తుంటే ఆయన చేతిలోంచి సున్నపు డబ్బా జారిపోయింది. రెండోసారీ జారింది. ఆరు నెలలు ఆసుపత్రులు తిరిగాక జబ్బు పేరు తెలిసింది. నరాలు ఒక్కొక్కటిగా కండరాలతో మాట మానేసే జబ్బు. చేతులు, కాళ్లు, ఆ తరవాత మింగడం, చివరకు ఊపిరి. మందు లేదు. రెండేళ్లు, మహా అయితే మూడు అన్నారు.

దుంపను తెచ్చింది పెంచలమ్మ. యానాది మనిషి, యాభై దాటి ఉంటాయి. పదిహేనేళ్లుగా కేంద్రానికి కావలసిన మూలికలు కొండ ఎక్కి తెచ్చిపెడుతోంది. చంద్రాయుడి సంగతి విని, ఎవరూ అడగకుండానే ఒక సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. అల్లంలాంటి దుంపలు, లోపల ఎర్రగా ఉన్నాయి.

"లేపుడుగడ్డ మేడమ్మా. మేకలు కాళ్లు పడిపోతే నూరి పోస్తాం. లేస్తాయి."

"అన్నీ లేస్తాయా అక్కా?"

"అన్నీ లేవవు. కొన్ని లేస్తాయి."

ఆ సంచీలోని దుంపల్లో ఏమీ లేదు. శమంత ఆ మాటే చెబితే, పెంచలమ్మ ఒప్పుకోకుండా ఇంకో సంచీ తెచ్చింది. పళ్లెంలో పోగు కదిలింది ఆ రెండో సంచీతో. రెండింటి గీతలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఒక్క తేడా. రెండోదానిలో పదిహేడో నిమిషం దగ్గర ఒక కొమ్ము లేచింది. మొదటిదానిలో అక్కడ చదునుగా ఉంది.

"రెండు సంచులూ ఒకే చోటివేనా?"

"ఒకే చోటివే. నల్లబండ కింద వాలులో. ఇంకెక్కడా ల్యా ఆ గడ్డ."

"మరి ఏం తేడా చేసినావు?"

"నేనేం తేడా చేసేది మేడమ్మా? ముందు ఒకతూరి పోయి తవ్వినా. ఐదు దినాలకు మళ్లా పోయి, ఆ గుంతల పక్కన ఉండేటివి తవ్వినా. అంతే."

ఆ 'అంతే' దగ్గర శమంత రెండు రోజులు ఆగిపోయింది. మూడో రోజు ఇద్దరు సహాయకులను తీసుకుని నల్లబండ వాలుకు వెళ్లింది. ఒక మొక్కను తవ్వి తీసి, చుట్టూ ఉన్నవాటి దుంపల నుంచి రోజూ గోరంత ముక్క గిల్లి తెచ్చి యంత్రంలో పెట్టింది. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. నాలుగో రోజున పదిహేడో నిమిషం దగ్గర గీత లేచింది. గుంతకు దగ్గరగా ఉన్నవాటిలో ఎత్తుగా, దూరంగా ఉన్నవాటిలో పొట్టిగా. పదో రోజుకల్లా అన్నిటిలోనూ అణిగిపోయింది.

వేళ్ల మధ్య మట్టిలో దారాల్లాంటి బూజు అల్లుకుని ఉంది. ఒక మొక్క పోయిన కబురు ఆ దారాల వెంట మిగతావాటికి అందుతోంది. అందుకున్న మొక్క ఆ పదార్థాన్ని తయారుచేసి, తన వంతుగా పక్కదానికి పంపుతోంది. పక్కవాళ్లు చచ్చిపోతే తప్ప లేపుడుగడ్డలో మందు పుట్టదు. ఎన్ని ఎక్కువ చస్తే మిగిలినవాటిలో అంత ఎక్కువ పుడుతుంది.

డైరెక్టరు వేదాచలం గది తలుపు వేయించి మరీ విన్నాడు.

"నాలుగు రోజుల సంగతి ఈ గది దాటకూడదు శమంత గారూ. పేటెంటు వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు. ఎవరికీ అంటే ఎవరికీ."

ఆ తరవాత వాలు మీద రంగురంగుల చిన్న జెండాలు వెలిశాయి. ఎర్ర జెండా పాతిన మొక్కను ఇవాళ తవ్వాలి, పచ్చ జెండాను నాలుగు రోజులకు. పెంచలమ్మ వాళ్లు చూపించిన చోటల్లా తవ్వి ఇచ్చేది. ఒకసారి అడిగింది, "ఈ జెండాలు ఎందుకు మేడమ్మా?" అని.

"లెక్క కోసం అక్కా," అంది శమంత.

* * *

నయంకాని జబ్బు కాబట్టి ఢిల్లీ నుంచి ప్రత్యేక అనుమతి తొందరగానే వచ్చింది. ఆరుగురు రోగులు. వాళ్లలో నాలుగో మనిషి చంద్రాయుడు. భార్యే పరిశోధకురాలు కనుక ఆయన బాగోగులు వేరే డాక్టరు చూడాలన్నారు. రోజూ పొద్దున నాలుక కింద ఆరు చుక్కలు. కాకరకాయ కంటే చేదు.

పద్దెనిమిది రోజులు ఏమీ జరగలేదు. పంతొమ్మిదో రోజు శమంత వంటింట్లో దోసెలు పోస్తుంటే వెనక నుంచి పిలుపు.

"శమంతా, ఇట్లా చూడు."

బల్ల మీది మంచినీళ్ల గ్లాసు ఆయన చేతిలో ఉంది. బల్లకు నాలుగు వేళ్లు పైన. చెయ్యి వణుకుతోంది, నీళ్లు తొణుకుతున్నాయి, కానీ గ్లాసు గాల్లో ఉంది. పెనం మీద దోసె మాడిపోయింది. ఇద్దరూ ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయారు.

"ఇంక దించు బావా, నొప్పి చేస్తుంది."

"ఉండనీ. కొంచెంసేపు ఉండనీ."

మూడో నెలకు ఆయన కర్ర లేకుండా నడిచాడు. నాలుగో నెలలో బడికి వెళ్లి, మైదానం చుట్టూ ఒక్క రౌండు నడిచి వచ్చి, చెమట తుడుచుకుంటూ గోడ మీద కూర్చున్నాడు. పిల్లలు చప్పట్లు కొడితే కసిరాడు. "ఏంరా, ఆట ఆపినారు? సర్కస్సా ఇది?"

మిగతా ఐదుగురిలో రాజంపేట నుంచి వచ్చే మస్తాన్‌బీ అందరికంటే చిన్నది. ముప్పై ఆరేళ్లు. టైలరు. భర్త ఖాదర్‌బాషా మిక్సీలు బాగుచేస్తాడు. ఇద్దరు కొడుకులు. మొదటిసారి వచ్చినప్పుడు ఖాదర్‌బాషా ఆమెను రెండు చేతుల్తో ఎత్తుకుని మెట్లెక్కాడు. ఐదో నెలలో ఆమె తనంతట తాను మెట్లెక్కి వచ్చి, శమంత చేతిలో ఒక పొట్లం పెట్టింది. అందులో జాకెట్టు ఉంది.

"కొలత ఎవరిచ్చినారు మస్తాన్‌బీ?"

"కొలతెందుకు మేడం? ఐదు నెలలుగా చూస్తాండా గదా మిమ్మల్ని."

అది సరిగ్గా సరిపోయింది.

ఆ ఏడు అక్టోబరులో తుపాను వచ్చి కొండదారి తెగిపోయింది. మూడు వారాలు వాలుకు ఎవరూ వెళ్లలేకపోయారు, మందు అయిపోయింది. ఇరవై రోజుల్లో ఆరుగురూ మొదటికి వచ్చారు. దారి బాగుపడి, మందు అంది, మళ్లీ కోలుకున్నారు. అప్పుడే తెలిసింది, ఇది నయం చేసే మందు కాదని. ఉన్నన్నాళ్లు నిలబెట్టే మందు. ఆపితే పడిపోతారు.

హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రయోగశాల వాళ్లు ఆ పదార్థాన్ని సొంతంగా తయారుచేసి పంపారు. అణువుకు అదే బరువు, అదే పదిహేడో నిమిషం, అదే కొమ్ము. పళ్లెంలో పోగు కదలలేదు. నాలుగుసార్లు వేరే వేరే పద్ధతుల్లో చేసి పంపారు. కదలలేదు. దుంపలోని ఇంకేదో దానికి తోడు ఉండాలి, అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. కేంద్రంలో వల కప్పిన పందిరి కింద కుండీల్లో పెంచిన మొక్కలు పచ్చగా ఎదిగాయి గానీ, వాటికి దుంప ఊరడానికి పదేళ్లు పైనే పడుతుందని వాలులోని ముదురు దుంపలను కోసి వలయాలు లెక్కపెట్టినప్పుడే తేలింది. కుండీలో ఒంటరిగా పెరిగినవాటి మధ్య ఆ బూజు దారాలూ లేవు.

వాలులో మొదట ఆరు వందల నలభై మొక్కలు ఉండేవి. మొదటి నెల అరవై తవ్వారు. పోనుపోను మిగిలినవాటిలో మందు చిక్కబడింది. పన్నెండో నెలకు పాతిక చాలాయి.

"తగ్గేకొద్దీ బలం పెరుగుతోంది, మంచిదేగా!" అన్నాడు వేదాచలం.

శమంత ఇంటికి వెళ్లి, భర్త స్నానానికి పోయినప్పుడు, పాత క్యాలెండరు వెనక లెక్క వేసుకుంది. వేసి, ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది.

పదహారో నెలలో నలభై ఒక్క మొక్కలు మిగిలాయి. ఇంకెక్కడా ఆ జాతి లేదని నివేదిక రాసింది శమంతే. తవ్వడం ఆపాలని రాసింది కూడా ఆమే. దాని మీద నిర్ణయానికి వేసిన కమిటీలో ఎనిమిది మంది సంతకాలు చేశారు. ఆమెది మూడో సంతకం. అప్పటికి సీసాల్లో నలభై రోజులకు సరిపడా మందు ఉంది.

ఇంటికి వచ్చేసరికి చంద్రాయుడు పెరట్లో కరివేపాకు కోస్తున్నాడు. ఒక్కో ఆకూ గిల్లి గిన్నెలో వేయడం ఆయనకు ఇప్పుడు పెద్ద ఇష్టమైన పని.

"సంతకం పెట్టినావా?"

"పెట్టినా బావా."

"నా పేరు ఉండాదా ఆ కాగితంలో?"

"ల్యా. రోగి నాలుగు అని ఉండాది."

ఆయన ఇంకో రెండు రెబ్బలు కోశాడు.

"నేనైనా అదే పెడుదును. ఒక జాతిని తుడిచేసి బతికినోడని చెప్పుకోలేను గదా పిల్లోళ్లకు." గిన్నె ఆమె చేతికిచ్చి, "చారు పెడతావా?" అన్నాడు.

చారు పెట్టింది. ఆయన మామూలుగానే తిన్నాడు. శమంత పళ్లెంలో అన్నం అట్లాగే ఉండిపోయింది. నలభై ఒకటిలో పాతిక. ఇంకొక్క నెల. తాను ఆ సంతకం పెట్టకపోయినా మిగతా ఏడుగురు పెట్టేవాళ్లు. ఆ మాట తనకు తాను చెప్పుకుంది గానీ, అందులో ఆమెకు ఏ ఆసరా దొరకలేదు.

* * *

పదిహేడు రోజుల తరవాత మధ్యాహ్నం భోజనాల వేళ పెంచలమ్మ వచ్చింది. నెత్తి మీద సంచీ. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా ఎర్రమట్టి. ప్రయోగశాలలో శమంత ఒక్కతే ఉంది. సంచీ దించి, మూతి విప్పి చూపించింది. నిండా లేపుడుగడ్డలు.

"అక్కా, ఏంది ఇది?"

"నలభై. పొద్దున తెల్లారినప్పటినుంచి తవ్వతాండా. వాళ్లు వద్దన్నారని నువ్వు అడగలేకపోతాండావు, నాకు తెల్దా? సార్ మైదానంలో నడస్తాంటే చూసినా. ఆయన్ను మళ్లా మంచాన చూడలేను మేడమ్మా. పట్టుకో."

శమంత సంచీ ముట్టుకోలేదు.

"నలభయ్యీ ఇయ్యాలే తవ్వినావా?"

"ఇయ్యాలే. మళ్లా తూరి పోతే ఫారెస్టు వాచరు చూస్తాడని ఒకేతూరి తవ్వినా. ఒకటి ఇడిచిపెట్టినా, ఇత్తనానికి. మా వాళ్లెప్పుడూ ఒకటి ఇడుస్తారు."

శమంత రోజులు లెక్కపెట్టుకుంది. చివరిసారి తవ్వి పాతిక రోజులు దాటింది. పాత కబురు ఎప్పుడో అణిగిపోయి ఉంటుంది. కొత్త కబురు అందడానికి నాలుగు రోజులు కావాలి. ఈ దుంపలకు ఒక్క పూట కూడా దొరకలేదు.

అయినా పరీక్ష చేసింది. నలభై దుంపల నుంచీ గోరంత ముక్క కోసి, దంచి, వరసగా యంత్రంలో పెట్టింది. పెంచలమ్మ గోడవార నేల మీద కూర్చుని తెర వైపు చూస్తోంది. సాయంత్రానికి పన్నెండు అయ్యాయి, మర్నాడు మధ్యాహ్నానికి మిగతావి. పెంచలమ్మ రెండో రోజూ వచ్చి అక్కడే కూర్చుంది. నలభై గీతలూ పదిహేడో నిమిషం దగ్గర చదునుగా వెళ్లిపోయాయి.

"ల్యా అక్కా. మందు ల్యా వీటిల్లో."

"ఎందుకుండదు? అదే గడ్డ గదా! నేనే తవ్వినా గదా!"

అప్పుడు చెప్పింది శమంత. నాలుగు రోజుల సంగతి, జెండాల సంగతి, మట్టిలో దారాల సంగతి. ఒకటి తవ్వి, ఆగి, పక్కది తవ్వితేనే మందు దొరుకుతుందని. పెంచలమ్మ మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది.

"అందుకేనేమో కొన్ని మేకలు లేచేటివి," అంది నెమ్మదిగా. ఆ తరవాత శమంత ముఖంలోకి చూసింది. "ఇది నీకెప్పటినుంచి తెలుసు?"

"ఏడాదిన్నర."

"ఢిల్లీవాళ్లకు తెలుసా?"

"తెలుసు."

"ఐదరాబాదువాళ్లకు?"

"తెలుసు అక్కా."

"మరి నాకెందుకు చెప్పల్యా మేడమ్మా? నాకు గదా చెప్పాల్సింది. తవ్వేదాన్ని నేను గదా."

శమంతకు పేటెంటు అనే మాట నోటి దాకా వచ్చింది, సిగ్గేసి ఆగిపోయింది. పెంచలమ్మ లేచి, ఖాళీ సంచీ దులిపి, మడిచి చంకలో పెట్టుకుంది. దుంపలు నలభయ్యీ బల్ల మీద వరసగా ఉన్నాయి. తిరిగి నాటుదామన్నా పీచువేళ్లు తెగిపోయాయి. అయినా వాటిని తడిమట్టిలో పెట్టించింది శమంత. పది రోజుల్లో కుళ్లిపోయాయి.

వేదాచలం అరిచాడు, ఎవరినో ఫోన్లో తిట్టాడు, చివరికి కుర్చీలో కూర్చుని తల పట్టుకున్నాడు. "ఇంకొకటి ఉంది కదా," అన్నాడు తల ఎత్తి. "నలభై పోయాయి దాని చుట్టూ. ఇప్పటిదాకా చూసిన లెక్క ప్రకారం దాంట్లో ఎంత ఉండాలి?"

ఆ లెక్క శమంత అప్పటికే వేసింది. ఎప్పుడూ చూడనంత ఉండాలి. ఒక్క మనిషికి నాలుగు నెలలు వచ్చేంత. లేదా ఆరుగురికి ఇరవై రోజులు. ఆ మొక్కను తవ్వమని ఎవరూ అనలేదు, గోరంత ముక్క గిల్లి చూడటానికి మాత్రం కమిటీవాళ్లు ఒప్పుకున్నారు.

నాలుగో రోజు పొద్దున పెంచలమ్మ, శమంత వాలు ఎక్కారు. వాలంతా గుంతలు. నల్లబండ పక్కన ఆ ఒక్క తీగ, అరచేయంత ఆకులతో. పెంచలమ్మ వేళ్లతోనే మట్టి తోడి దుంప పక్క భాగం బయటపెట్టింది. శమంత బ్లేడుతో సన్నని పొర కోసింది. పెంచలమ్మ మళ్లీ మట్టి కప్పి, బాటిల్లోని నీళ్లు దాని మొదట్లో పోసింది.

యంత్రం ముందు కూర్చున్నప్పుడు శమంతకు ఆరుగురి ముఖాలూ కనిపించాయి. ఆమెకు మొగుడు కావాలి. అందులో దాపరికం ఏమీ లేదు. ఆ కొమ్ము లేస్తే ఆమె రేపు మళ్లీ ఆ వాలు ఎక్కుతుందేమోనని ఆమెకే భయం వేసింది. పదిహేను. పదహారు. పదిహేడో నిమిషం దగ్గరకు వచ్చిన గీత, చదునుగా, పద్దెనిమిదిలోకి వెళ్లిపోయింది.

మళ్లీ పెట్టింది. అంతే. ఐదు రోజుల తరవాత ఇంకో పొర తెచ్చి పెట్టింది. అంతే.

ఆ పదార్థం మొక్క తన కోసం చేసుకునేది కాదు. పక్కవాటికి చెప్పడానికి చేసేది. ఇప్పుడు చెప్పడానికి ఎవరూ లేరు.

ఆ చదును గీత చూడగానే ఆమెకు ముందు కలిగింది ఊరట. ఎవరికి ఇవ్వాలో తేల్చే పని లేదు, దొంగతనం చేసే పని లేదు. ఆ ఊరట ఎంతోసేపు లేదు. తరవాత ఆమె బల్ల మీద తల పెట్టుకుని, పక్క గదిలోవాళ్లకు వినిపిస్తుందన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది.

పెంచలమ్మ ఆ తరవాత కొండ ఎక్కడం మానేసింది. మూలికలు తెమ్మని ఎవరు అడిగినా చేతులు జోడించి పంపేసింది.

* * *

ఆరుగురికీ తానే వెళ్లి చెప్పాలని శమంత అనుకుంది. మస్తాన్‌బీ దగ్గరకు బయలుదేరుతుంటే చంద్రాయుడు చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. "నేనూ వస్తా. నేను పక్కన ఉంటే ఆ యమ్మకు వేరేగా ఉంటుంది."

రాజంపేటలో వాళ్ల ఇల్లు చేరేసరికి పదకొండు. ముందుగదిలో కుట్టుమిషను ఆడుతోంది. గది నిండా తెల్లగుడ్డ, లేత నీలం గుడ్డ. ఖాదర్‌బాషా కుర్చీలు వేశాడు. శమంత నిలబడే చెప్పింది. కొండ మీద ఇంక ఏమీ లేదని, సీసాల్లో పది రోజుల మందు ఉందని, ఆ తరవాత ఇరవై రోజుల దాకా చేతులు ఆడొచ్చని.

ఖాదర్‌బాషా గుమ్మం దాటి బయటికి వెళ్లిపోయి, వీధిలో అటు తిరిగి నిలబడ్డాడు. మస్తాన్‌బీ మిషను ఆపి, చివరి దాకా విని, తల ఊపింది.

"నెల రోజులు."

"సుమారుగా."

"అయితే పందొమ్మిదీ అవుతాయి."

శమంతకు అర్థం కాలేదు. మస్తాన్‌బీ పక్కన ఉన్న దొంతర చూపించింది. జుబ్బా పైజామాలు. పెద్దోడికి పదేళ్లు, చిన్నోడికి ఏడు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఒక్కో రంజాన్‌కు ఒక్కో జత. పెద్దోడికి ఎనిమిది, చిన్నోడికి పదకొండు. తవ్వడం ఆపేశారని తెలిసిన రోజే మొదలుపెట్టింది. ఐదు అయ్యాయి.

"కొలతలే ఇబ్బందిగా ఉండాయి మేడం. బజారులో పదమూడేళ్ల పిల్లోడు కనిపిస్తే పిలిచి కొలుస్తాండా. వాళ్లమ్మలు ఏమనుకుంటారో ఏమో."

చంద్రాయుడు వంగి, పైన ఉన్న జుబ్బా తీసి భుజాల దగ్గర చాపి పట్టుకున్నాడు.

"ఇది ఎన్నో ఏటికమ్మా?"

"పదహారుకు సార్."

"చాలదు. పదిహేను దాటితే భుజాలు తెరుచుకుంటాయి. రెండంగుళాలు ఎక్కువ పెట్టు. చేతులు ఇంకా పొడుగు. పద్నాలుగులో ఒకేసారి పెరుగుతారు, ఆ ఏడు జత వదులుగా కుట్టు. ఇరవై మూడేండ్లు చూసినా నేను, నా మాట నమ్ము." ఖాదర్‌బాషా వైపు చూసి గొంతు పెంచాడు. "మీ నాయన ఎంత పొడుగుండేవాడు, ఖాదరూ?"

ఖాదర్‌బాషా లోపలికి వచ్చి, తలుపు మీద చెయ్యి ఆనించి, ఎత్తు చూపించాడు.

మర్నాటినుంచి చంద్రాయుడు పొద్దున బస్సుకు రాజంపేట వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేవాడు. మస్తాన్‌బీ కుట్టిన జుబ్బాలకు గుండీలు కుట్టడం ఆయన పని. మొదట్లో వంకర టింకరగా వచ్చేవి, ఆమె విప్పించి మళ్లీ కుట్టించేది. పది రోజులకు మందు అయిపోయింది. పదహారో రోజుకు మస్తాన్‌బీ కుడికాలు మిషను తొక్కడం మానేసింది. ఖాదర్‌బాషా తన దుకాణంలోని మోటారు తెచ్చి మిషనుకు బిగించాడు. ఇరవై మూడో రోజు నుంచి చంద్రాయుడు ఒంటరిగా బస్సెక్కలేకపోయాడు. శమంత సెలవు పెట్టి వెంట వచ్చింది.

ఆ రోజు పదిహేడో జత. గుడ్డ జరపడానికి మస్తాన్‌బీ చేతులు చాలక ఖాదర్‌బాషా అటువైపు పట్టుకుని ఉన్నాడు. పిల్లలు బడికి వెళ్లారు. చంద్రాయుడు గోడకు ఆనుకుని కూర్చుని, తెల్ల జుబ్బాకు మూడో గుండీ కుడుతున్నాడు. సూది గుడ్డలోకి దిగింది, అవతలి నుంచి లాగబోతే వేళ్ల మధ్య నిలవలేదు. నేల మీద పడింది.

ఆయన వేళ్ల వైపు చూసుకున్నాడు. శమంత వంగి, చాప సందుల్లో వెతికి సూది తీసింది. దారం జారిపోయి ఉంది, మళ్లీ ఎక్కించింది. ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూదిని పెట్టి, పడిపోకుండా ఆ రెండు వేళ్లనూ తన వేళ్లతో బిగించి పట్టుకుంది.

"కుట్టు బావా," అంది.